గని మడ్డి కట్ట ఎందుకు తెగింది?

చెరువు కట్ట తెగడం అంటే ఏమిటో పల్లెల్లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వాన ఎక్కువైతే రాత్రంతా కట్ట మీద లాంతర్లు పట్టుకుని కాపలా కాసిన ఊళ్లు ఎన్నో ఉన్నాయి. ఎక్కడ ఊట దిగినా, ఎక్కడ బుంగ పడినా జనం పరుగెత్తి ఇసుక బస్తాలు వేస్తారు. చిన్న బుంగే తెల్లారేసరికి పెద్ద గండి అవుతుంది.

నీళ్లకి కాకుండా బురదకి కట్టిన కట్టలు కూడా ఉంటాయి. గనుల దగ్గర ఉంటాయి. అవి తెగితే వచ్చేది నీరు కాదు, చిక్కటి బురద. నీరు పారిపోతుంది. బురద ఎక్కడికక్కడ నిలిచి అన్నిటినీ పూడ్చేస్తుంది.

బ్రెజిల్ దేశంలో అలాంటి కట్ట ఒకటి తెగింది. 270 మంది చనిపోయారు. అది ఎలా జరిగింది? ఎందుకు జరిగింది?

మధ్యాహ్నం 12 గంటల 28 నిమిషాలు

బ్రెజిల్ దక్షిణ అమెరికా ఖండంలో ఉంది. అందులో మినాస్ జెరాయిస్ అనే రాష్ట్రం ఉంది. ఆ పేరులోనే గనులు అనే మాట ఉంది. అక్కడి నేలలో ఇనుప రాయి విస్తారంగా దొరుకుతుంది. ఆ రాష్ట్రంలో బ్రుమాదీన్యో అనే చిన్న పట్నం ఉంది. దాని దగ్గర వాలే అనే పెద్ద కంపెనీకి ఇనుప గని ఉండేది. గని మడ్డిని నిలవ చేయడానికి కొండల మధ్య కట్ట కట్టారు.

ఆ కట్ట 86 మీటర్ల ఎత్తు. అంటే మూడు తాటిచెట్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత. పొడవు 720 మీటర్లు. వెనకాల కోటి ఘనపు మీటర్ల పైగా మడ్డి ఉంది.

కట్టకి కింద, పల్లంలోనే కంపెనీ ఆఫీసులు ఉన్నాయి. కార్మికులు అన్నం తినే క్యాంటీను కూడా అక్కడే ఉంది.

2019 జనవరి 25, శుక్రవారం. మధ్యాహ్నం 12 గంటల 28 నిమిషాలు. భోజనాల వేళ. కట్ట ఉన్నట్టుండి కూలింది. మామూలు చెరువు కట్టలాగా ఒకచోట గండి పడి, అది మెల్లగా పెద్దది కాలేదు. కట్ట ముఖమంతా ఒక్కసారిగా జారింది. అక్కడ ఉన్న కెమేరాలో ఆ దృశ్యం పడింది. పది సెకన్లు కూడా పట్టలేదు. అంతసేపూ గట్టిగా కనిపించిన కొండ లాంటి కట్ట జావలాగా మారి కిందికి పారింది. ఐదు నిమిషాల లోపే 97 లక్షల ఘనపు మీటర్ల మడ్డి బయటికి వచ్చేసింది. లారీకి పది ఘనపు మీటర్ల లెక్కన వేసినా, దాదాపు పది లక్షల లారీల బురద.

చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కార్మికులే. చాలామంది క్యాంటీనులోనూ, ఆఫీసుల్లోనూ ఉన్నారు. దగ్గర్లోని ఇళ్లు, ఒక అతిథి గృహం, ఒక రైలు వంతెన కొట్టుకుపోయాయి. ప్రమాదం వస్తే మోగించడానికి సైరన్ పెట్టారు. ఆ రోజు అది మోగలేదు.

గని మడ్డి అంటే ఏమిటి?

గనిలో దొరికే రాయి అంతా లోహం కాదు. రాయిని పిండిలాగా దంచుతారు. నీళ్లు పోసి కడుగుతారు. మంచి ఖనిజాన్ని వేరు చేస్తారు. మిగిలేది సన్నటి ఇసుక, మన్ను, నీరు కలిసిన బురద. దీన్ని టెయిలింగ్స్ అంటారు. గని మడ్డి అంటే మనకి అర్థమవుతుంది. ధాన్యం తూర్పార పడితే తప్ప, తాలు పోయినట్టే. కానీ ఇక్కడ తాలే ఎక్కువ. బంగారం గనిలోనైతే మరీ ఎక్కువ. టన్ను రాయి దంచితే దొరికే బంగారం కొద్ది గ్రాములు. మిగతాదంతా మడ్డే.

కర్ణాటకలో కోలారు బంగారు గనులు ఉండేవి. 2001లో మూసేశారు. తెలుగువాళ్లు ఎంతోమంది అక్కడికి పనికి పోయారు. గనులు మూసేసినా, ఆ మడ్డి గుట్టలు అలాగే మిగిలాయి. సైనైడ్ దిబ్బలు అంటారు వాటిని. గాలి వీస్తే ఆ దుమ్ము ఊళ్ల మీదికి వస్తుంది. గని పని ఆగిపోయినా మడ్డి ఎక్కడికీ పోదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ మడ్డిని గొట్టాల ద్వారా ఒక లోయలోకి పంపుతారు. లోయకి అడ్డంగా కట్ట వేస్తారు. ఇసుక అడుగుకి దిగుతుంది. నీరు పైన తేలుతుంది. ఆ నీటిని మళ్లీ వాడుకుంటారు.

చెరువు కట్టకీ దీనికీ పెద్ద తేడా ఒకటి ఉంది. చెరువు కట్ట ఒకసారే కడతారు. మడ్డి కట్ట అలా కాదు. గనిలో పని జరిగినన్నాళ్లూ మడ్డి వస్తూనే ఉంటుంది. నిండినప్పుడల్లా కట్టని ఇంకాస్త పైకి లేపుతారు. బ్రుమాదీన్యో కట్టని 1976లో మొదలుపెట్టారు. 2013 దాకా లేపుతూనే వచ్చారు. ఈ 37 ఏళ్లలో పనివాళ్లు మారారు. ఇంజనీర్లు మారారు. కంపెనీ యజమానులే మారారు. మొదట కట్టినవాడికి తెలిసిన సంగతి చివర లేపినవాడికి తెలిసిందో లేదో ఎవరు చెప్పగలరు?

కట్టని లేపే పద్ధతులు

కట్టని రెండు మూడు రకాలుగా లేపవచ్చు. ఒక పద్ధతిలో ప్రతిసారీ కట్టని బయటి వైపుకి వెడల్పు చేస్తారు. కింద పాదం పెద్దది చేసి, దాని మీద ఎత్తు పెంచుతారు. కట్ట బరువు గట్టి నేల మీద పడుతుంది. ఇది గట్టి పద్ధతి. కానీ మట్టి, రాయి చాలా కావాలి. ఖర్చు ఎక్కువ.

ఇంకో పద్ధతిలో కట్టని లోపలి వైపుకి, మెట్లు మెట్లుగా లేపుతారు. మొదటి కట్ట దగ్గర మడ్డి ఆరి గట్టిపడుతుంది. ఆ ఆరిన మడ్డి మీదే రెండో మెట్టు వేస్తారు. దాని వెనక మడ్డి నిండాక, దాని మీద మూడో మెట్టు. అంటే కట్ట పునాది నేల కాదు, మడ్డి. కట్టకి వాడేదీ ఎక్కువగా మడ్డే. ఇది చవక. అందుకే కంపెనీలు దీన్ని ఇష్టపడ్డాయి. బ్రుమాదీన్యో కట్ట ఈ రకమే.

ఈ పద్ధతి పూర్తిగా తప్పు అని చెప్పలేం. మడ్డి బాగా ఆరితే, లోపలి నీరు ఎప్పటికప్పుడు బయటికి పోతే, కట్ట వాలు మెత్తగా ఉంటే, ఎండ ఎక్కువగా కాసే చోట అది నిలబడుతుంది. వానలు ఎక్కువ కురిసే చోట, తడి ఆరనిచోట మాత్రం చాలా ప్రమాదం.

పిచ్చుక గూళ్లు చెప్పే పాఠం

పిల్లలు ఇసుకలో పిచ్చుక గూళ్లు కడతారు. పాదం పైన తడి ఇసుక పోసి, తట్టి, మెల్లగా కాలు తీస్తారు. గూడు నిలబడుతుంది. పొడి ఇసుకతో అలా కట్టగలరా? కట్టలేరు. ఇసుక జారిపోతుంది. మరి కట్టిన గూటి మీద చెంబెడు నీళ్లు పోస్తే? అదీ కూలిపోతుంది.

కారణం ఏమిటంటే, ఇసుక రేణువుల మధ్య కాస్త తడి ఉంటే ఆ తడి రేణువులని ఒకదానికొకటి పట్టి ఉంచుతుంది. నీరు ఎక్కువైతే ఆ పట్టు పోతుంది.

ఇంకో సంగతి. గోదావరి ఒడ్డున తడి ఇసుక మీద నిలబడి కాళ్లు కదుపుతూ ఉంటే ఏమవుతుంది? అప్పటిదాకా గట్టిగా ఉన్న ఇసుక మెత్తబడుతుంది. నీరు ఊరుతుంది. పాదాలు దిగబడతాయి. ఇసుక రేణువులు ఒకదాని మీద ఒకటి ఆని ఉన్నంతవరకే బరువు మోస్తాయి. సందుల్లో నీరు నిండి, ఆ నీరు బయటికి పోయే దారి లేకపోతే బరువు నీటి మీద పడుతుంది. నీరు బరువు మోయలేదు. రేణువుల పట్టు తప్పుతుంది. గట్టి నేల జావ అవుతుంది. దీన్నే ఇంజనీర్లు ద్రవీకరణ అంటారు. బ్రుమాదీన్యోలో కట్టకి పట్టిన గతి ఇదే.

పరిశోధనలో ఏం తేలింది?

కట్ట కూలాక నలుగురు నిపుణులతో ఒక సంఘం పరిశోధన చేసింది. 2019 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. కారణం ఒకటి కాదని తేలింది. ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పేరుకున్న కారణాలు అవి.

కట్ట వాలు మరీ నిటారుగా ఉంది. ఇది మొదటి నుంచీ ఉన్న లోపం. మధ్యలో ఒకసారి లేపినప్పుడు కట్టని లోపలికి జరిపారు. దాంతో పై మెట్లన్నీ మెత్తటి, సన్నటి మడ్డి మీదికి వచ్చాయి. పైన నీటిని కట్ట అంచుకి దగ్గరగా నిలవనిచ్చారు. దాని వల్ల కూడా అంచు దగ్గర బలం లేని మడ్డి పేరుకుంది. లోపలి నీరు బయటికి పోవడానికి సరైన దారి పెట్టలేదు. కట్ట అడుగుభాగంలో నీరు ఎప్పుడూ నిండుగానే ఉండేది.

నీరు ఎక్కువగా ఉందని కంపెనీకి తెలియక కాదు. 2018లో నీటిని లాగడానికి కట్టలోకి అడ్డంగా గొట్టాలు దించడం మొదలుపెట్టారు. జూన్ నెలలో ఒక గొట్టం దించుతుంటే కట్ట నుంచి బురద కారింది. ఆ పని అక్కడితో ఆపేశారు. నీరు మాత్రం లోపలే ఉండిపోయింది.

పెళుసుదనం ఇంకో కారణం. ఆ మడ్డిలో ఇనుము చాలా ఉంది. అందువల్ల మడ్డి బరువు ఎక్కువ. ఇనుము రేణువులని ఒకదానికొకటి అతికించింది కూడా. అతుకు ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ పచ్చి మట్టి ముద్దని నొక్కితే వంగుతుంది, సాగుతుంది. కాల్చిన పెంకుని నొక్కితే వంగదు. పుటుక్కున విరుగుతుంది. ఆ మడ్డి పెంకు లాంటిది. విరిగేదాకా గట్టిగానే కనిపించింది.

అందుకే ముందుగా ఏ గుర్తూ కంటికి కనబడలేదు. కూలడానికి వారం ముందు ఆకాశం నుంచి డ్రోనుతో వీడియో తీశారు. అందులో కట్ట బాగానే ఉంది. చెరువు కట్టకి చీలిక వస్తుంది, కుంగుతుంది, ఊట నీరు మట్టి రంగుకి తిరుగుతుంది. వాటిని చూసి జనం మేలుకుంటారు. ఇక్కడ కంటితో చూసి నమ్మడమే మోసం.

2016 తర్వాత అక్కడ కొత్త మడ్డి పోయడం లేదు. మరి 2019లోనే ఎందుకు కూలింది? నిపుణులు చెప్పింది ఇది. బరువు కింద మడ్డి లోపల్లోపల వెంట్రుకవాసి చొప్పున జరుగుతూ వచ్చింది. ఆ ప్రాంతంలో భారీ వానలు కురిశాయి. ఆ నీరు పై పొరల్లోకి దిగి, పిచ్చుక గూటిని నిలబెట్టే ఆ కాస్త పట్టుని పోగొట్టింది. ఈ రెండూ కలిసి చాలినంత పని చేశాయి.

దీని మీద అందరిదీ ఒకే మాట కాదు. ఆ రోజు కట్ట పైన పరీక్షల కోసం బోరు వేస్తున్నారు. బోరు వల్ల కట్ట కూలలేదని ఈ నిపుణుల సంఘం చెప్పింది. స్పెయిన్ దేశంలోని కాటలోనియా సాంకేతిక విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో వేరే మాట చెప్పారు. లోతున బోరు నీటి ఒత్తిడే కట్ట కదలడానికి కారణం కావచ్చు అన్నారు. అయితే ఇద్దరూ ఒప్పుకున్న సంగతి ఒకటుంది. కట్ట అప్పటికే అంచున ఉంది. అంచున ఉన్నదాన్ని పడెయ్యడానికి వానైతేనేం, బోరైతేనేం?

కాగితం మీద భద్రత

కట్ట గట్టితనాన్ని ఇంజనీర్లు ఒక అంకెతో చెబుతారు. ఆ అంకె 1 అయితే, కట్టకి ఉన్న బలమూ దాని మీద పడే భారమూ సమానం అన్నమాట. 1 కన్నా ఎంత ఎక్కువైతే అంత మంచిది. ఇలాంటి కట్టకి, ద్రవీకరణ ప్రమాదం లెక్కలో 1.3 ఉండాలని నిపుణులు సలహా ఇచ్చారు. బ్రుమాదీన్యో కట్టకి లెక్క వేస్తే 1.09 వచ్చింది.

అయినా 2018 సెప్టెంబరులో కట్ట భద్రంగా ఉందని పత్రం ఇచ్చారు. ఇచ్చింది టువ్ సూద్ అనే జర్మన్ కంపెనీకి చెందిన బ్రెజిల్ శాఖ. వాళ్లకి డబ్బు ఇచ్చేది గని కంపెనీయే. పరీక్ష రాసేవాడే పేపరు దిద్దేవాడికి జీతం ఇచ్చినట్టు ఉంది ఈ ఏర్పాటు. నాలుగు నెలల తర్వాత కట్ట కూలింది.

కట్ట కూలితే బురద ఎటు పోతుందో కూడా కంపెనీ ముందే లెక్క వేయించింది. క్యాంటీను, ఆఫీసులు ఆ దారిలోనే ఉన్నాయని ఆ లెక్కలో ఉంది. వాటిని అక్కడి నుంచి తీసెయ్యలేదు. బ్రుమాదీన్యో కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. కట్ట లోపలి సంగతి తెలియడం కష్టం కావచ్చు. భోజనశాలని పక్క కొండ మీదికి మార్చడం కష్టమేమీ కాదు.

మిగతా చోట్ల

బ్రుమాదీన్యో మొదటిది కాదు. అదే రాష్ట్రంలో, 2015 నవంబరు 5న మారియానా అనే ఊరి దగ్గర ఫుందావ్ కట్ట తెగింది. అందులోనూ వాలే కంపెనీకి వాటా ఉంది. అక్కడ కట్ట అడుగున నీరు పోవడానికి వేసిన కాలువలు మొదట్లోనే పాడయ్యాయి. తర్వాత కట్ట కింద ఉన్న ఒక కాంక్రీటు సొరంగం బలహీనంగా ఉందని తెలిసి, కట్టని ఒక పక్క లోపలికి జరిపారు. జరిపినచోట కింద జిగట మడ్డి ఉంది. పైన బరువు పెరిగేకొద్దీ ఆ జిగట పక్కలకి సాగింది. దాంతో పైనున్న ఇసుక వదులైంది. కూలడానికి గంటన్నర ముందు మూడు చిన్న భూకంపాలు కూడా వచ్చాయి. 19 మంది చనిపోయారు. బురద దోసె అనే నదిలో పడి, ఆరువందల కిలోమీటర్ల పైగా పారి సముద్రంలో కలిసింది.

ఇటలీలో స్టావా అనే లోయ ఉంది. అక్కడ రెండు మడ్డి చెరువులు ఒకదాని పైన ఒకటి ఉండేవి. 1985 జులై 19న పైది తెగి కింది దాని మీద పడింది. రెండూ కలిసి ఊరి మీద పడ్డాయి. 268 మంది పోయారు. చిత్తడి నేల మీద కట్టడం, నీరు పోయే గొట్టం సరిగా లేకపోవడం అక్కడి కారణాల్లో ముఖ్యమైనవి.

దక్షిణ ఆఫ్రికాలో మెరీస్‌ప్రైట్ అనే చోట 1994లో తెగింది. దాని సంగతి మన చెరువుల లాంటిదే. గాలివానలో అరగంటలో 50 మిల్లీమీటర్ల వాన పడింది. నీరు కట్ట మీది నుంచి పొర్లింది. కట్ట కోసుకుపోయింది. 17 మంది చనిపోయారు. చెరువుకి అలుగు ఎందుకు పెడతారో రైతులకి తెలుసు. కెనడాలో మౌంట్ పోలీ అనే చోట 2014లో కట్ట తెగడానికి కారణం కట్టలో లేదు, నేలలో ఉంది. కింద మెత్తటి బంకమట్టి పొర ఉందని ముందుగా కనిపెట్టలేదు. చిలీ దేశంలో 1965లో భూకంపానికి తెగింది.

తెగడం ఒక్కటే ప్రమాదం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కడప జిల్లా తుమ్మలపల్లె దగ్గర యురేనియం శుద్ధి చేశాక మిగిలిన మడ్డిని చెరువులో నిలవ చేస్తారు. అది తెగలేదు. కానీ దాని వల్ల తమ బోర్లలో నీళ్లు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. మడ్డి నీరు భూమిలోకి ఇంకడం వేరే పాఠం.

ఎవరు కేక వేస్తారు?

మారియానా దగ్గర బెంతో రొద్రిగేస్ అనే పల్లె ఉండేది. కట్ట తెగిన రోజు అక్కడా సైరన్ లేదు. గని పనిలో ఉన్న ఒక మహిళకి కబురు తెలిసింది. ఆమెకి ఒక మోటారు సైకిలు ఉంది. దాని మీద వీధి వీధీ తిరిగి పరుగెత్తండని కేకలు వేసింది. జనం ఎత్తయిన చోటుకి ఎక్కారు. కాసేపటికి ఊరు మడ్డిలో కలిసింది. ఊళ్లో ఉన్న వందల మందిలో ఎక్కువమంది బతికారు. కంపెనీ దగ్గర లేని సైరన్ పని ఆమె చేసింది.

బ్రుమాదీన్యో తర్వాత కంపెనీలు కాస్త భయపడ్డాయి. 2019 ఫిబ్రవరి 8న అదే రాష్ట్రంలో బరావ్ ద కొకాయిస్ దగ్గర ఇంకో మడ్డి కట్ట మీద అనుమానం వచ్చింది. తెల్లవారకముందే సైరన్ మోగించి వందల మందిని ఇళ్లు ఖాళీ చేయించారు. ఆ కట్ట తెగలేదు. ప్రాణాలు దక్కాయి కానీ, ఆ జనం ఇళ్లూ, పశువులూ, తోటలూ వదిలి బయటే ఉండాల్సి వచ్చింది.

తర్వాత ఏమైంది?

లోపలి వైపుకి మెట్లుగా లేపే కట్టలని బ్రెజిల్ ప్రభుత్వం 2019లో నిషేధించింది. ఉన్నవాటిని విప్పెయ్యాలని చెప్పింది. 2020లో చట్టం కూడా చేసింది. విప్పడం తేలిక పని కాదు. పెళుసు కట్ట మీదికి యంత్రాలు పంపాలి. మనుషులు ఎక్కకుండా దూరం నుంచి నడిపే యంత్రాలు కొన్నిచోట్ల వాడారు.

2020 జనవరిలో రెండు కంపెనీలకి చెందిన 16 మంది మీద హత్యా నేరం మోపారు. 2021లో వాలే కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో 3,770 కోట్ల రియాళ్ల పరిహారానికి ఒప్పుకుంది. రియాల్ బ్రెజిల్ నాణెం. పరావొపేబా నది ఎర్రటి బురదగా మారింది. ఆ నీళ్లు వాడవద్దని ఒడ్డున ఉన్న రైతులకి ప్రభుత్వం చెప్పింది. దశాబ్దాలుగా ఆ నీళ్లతోనే కూరగాయలు పండించినవాళ్లు వాళ్లు.

కట్ట కూలిన కొద్ది రోజులకి పార్లమెంటులో కంపెనీ పెద్ద మాట్లాడాడు. తమ కంపెనీ దేశానికి ఒక మణి లాంటిదని, ఒక ప్రమాదం వల్ల దాన్ని శిక్షించకూడదని అన్నాడు. చనిపోయినవాళ్ల కుటుంబాలకి ఒళ్లు మండింది. అప్పటి నుంచి వాళ్లు పోయినవాళ్లని మా మణులు అని పిలుస్తారు. వాళ్ల లెక్కలో మణులు 272. చనిపోయిన ఇద్దరు గర్భిణుల కడుపులో ఉన్న బిడ్డలని కూడా కలిపి లెక్కపెడతారు.

అగ్నిమాపక దళం వాళ్లు ఆ బురదని ఏళ్ల తరబడి తవ్వి, జల్లించి వెతికారు. 2025 ఫిబ్రవరిలో ఇంకొకరి అవశేషాలని గుర్తుపట్టారు. అప్పటికి ఆరేళ్లు దాటింది. అప్పటికింకా ఇద్దరు దొరకలేదు.